ఏడో అధ్యాయం: మన విమానం వెళ్లని ఊళ్లు

మా అక్క మొదటిసారి అమెరికా వెళ్లింది కూతురి పురిటికి. టికెట్ తీసింది నేనే. అప్పట్లో నాకు అమీర్‌పేటలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో ఉద్యోగం, చుట్టాలందరి టికెట్లూ నా చేతి మీదుగానే. హైదరాబాద్ నుంచి డాలస్ దాకా ఒకే టికెట్ అయితే ఒక రేటు. న్యూయార్క్ దాకా ఒకటి, అక్కణ్నుంచి డాలస్‌కి విడిగా మరొకటి తీస్తే పద్దెనిమిది వేలు మిగులుతాయి. రెండు విమాన సంస్థలూ ఒకే కూటమిలోవి. రెండు విమానాల తలుపు పక్కనా ఒకటే గుర్తు. ఒకటి ఆలస్యమైతే రెండోది చూసుకోదా అనుకుని రెండు టికెట్లు తీసి చేతిలో పెట్టాను.

మొదటి విమానం మూడు గంటలు ఆలస్యంగా దిగింది. ఇమిగ్రేషన్ క్యూ, పెట్టెల కోసం ఎదురుచూపు, గోంగూర పచ్చడి సీసా మీద కస్టమ్స్ వాళ్ల ఆరా, అన్నీ దాటుకుని రెండో సంస్థ కౌంటరు చేరేసరికి డాలస్ విమానం లేచిపోయింది. మొదటి టికెట్ న్యూయార్క్‌తో ముగిసిందనీ, రెండో టికెట్ లెక్కలో ఈవిడ అసలు రానట్టేననీ, కొత్తది కొనాల్సిందేననీ కౌంటర్లోని అమ్మాయి మర్యాదగానే చెప్పింది. నేను మిగిల్చిన పద్దెనిమిది వేలకి రెట్టింపు పైన పోయింది. రాత్రంతా కుర్చీలో గడిపి డాలస్ చేరాక అక్క ఫోన్ చేసింది. "ఒరే, ఇద్దరూ చుట్టాలేనన్నావు కదరా. ఆ చుట్టరికమేదో టికెట్ మీద రాయించొద్దా?"

ఆవిడ తిట్టిన తిట్లన్నీ మర్చిపోయాను గానీ ఆ ఒక్క మాట మర్చిపోలేదు. తర్వాత ఉద్యోగం మారి పాఠాలు చెప్పే పనిలోకి వచ్చాక, పరిచయాలు పెంచుకోండి, నెట్‌వర్కింగ్ చేయండి అని ఊదరగొట్టే పుస్తకాలు చాలా చదివాను. పరిచయానికీ పొత్తుకీ తేడా ఏమిటో ఒక్కదాంట్లోనూ అక్క చెప్పినంత బాగా లేదు. అందుకే ఈ అధ్యాయాన్ని విమానాల దగ్గరే మొదలుపెడుతున్నాను.

కొనలేరు, వదల్లేరు

ఎంత డబ్బున్న విమాన సంస్థ అయినా ప్రపంచమంతా తానే ఎగరలేదు. దీనికి మూలం 1944లో చికాగోలో కుదిరిన ఒప్పందం. ఏ దేశం మీది ఆకాశం ఆ దేశానిదేనని అది తేల్చేసింది. అక్కణ్నుంచి ఎవరి ఊరికి ఎవరు ఎన్ని విమానాలు నడపాలన్నది రెండేసి దేశాలు కూర్చుని బేరమాడుకునే వ్యవహారమైంది. పోనీ పక్క దేశపు సంస్థని కొనేద్దామా అంటే అదీ కుదరదు. అమెరికాలో విమాన సంస్థ ఓటు హక్కున్న వాటాల్లో విదేశీయులకు 25 శాతం దాటనివ్వరు. యూరోపియన్ యూనియన్‌లో బయటివాళ్ల వాటా సగానికి లోపే ఉండాలి. మన దేశంలో విదేశీ విమాన సంస్థలకు 49 శాతం దాకా అనుమతి దొరికిందే 2012లో.

ఒక ఉదాహరణ చూడండి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి చికాగో దాకా లుఫ్తాన్సా తన విమానంలో మిమ్మల్ని తీసుకెళ్తుంది. చికాగో నుంచి ఓమహాకి మాత్రం తీసుకెళ్లలేదు, దేశం లోపలి ప్రయాణం ఆ దేశపు సంస్థలకే వదిలేయాలి. ప్రయాణికుడికి ఈ గొడవలేవీ పట్టవు. అతనికి ఓమహా కావాలి. ఇలాంటి చోట "అక్కడికి మేం వెళ్లం" అని చెప్పి పంపేసేవాళ్లు కొందరు, వెళ్లేవాణ్ని వెతికి చేయి కలిపేవాళ్లు కొందరు.

మన పల్లెల్లో బదులు పని అని ఉండేది. నాట్ల రోజున మా చేలోకి మీ ఇంట్లోంచి ఇద్దరు వస్తే, మీ నాట్లకి మా ఇంట్లోంచి ఇద్దరు రావాలి. కూలి డబ్బులు చేతులు మారవు గానీ ఎవరు ఎవరికి ఎన్ని రోజులు బాకీ అన్నది ప్రతి ఇల్లాలికీ నోటికి వచ్చు. విమాన సంస్థలు చేసుకున్నదీ ఇదే. వాటి బాకీలు నోటి లెక్కకి లొంగవు గనక 1947లోనే క్లియరింగ్ హౌస్ అని ఒకటి పెట్టుకున్నాయి. ఒకరు టికెట్ అమ్మితే ఇంకొకరు ఎక్కించుకున్న ప్రయాణికుల లెక్కలు అక్కడ చెల్లు వేసుకుని, మిగిలిన తేడా మాత్రం కట్టుకుంటాయి. స్నేహం కుదిరాక లెక్కలదేముందిలే అనుకుంటాం మనం. అక్కడ లెక్కల పుస్తకం ముందు పుట్టింది, కూటములు యాభై ఏళ్ల తర్వాత పుట్టాయి.

పెద్ద పొత్తుల్లో ముందు చెప్పుకోవాల్సింది డచ్చివాళ్ల కేఎల్ఎం, అమెరికావాళ్ల నార్త్‌వెస్ట్ కథ. కేఎల్ఎంకి ఆమ్‌స్టర్‌డామ్ లాంటి విమానాశ్రయం ఉంది గానీ దేశం చిన్నది, విమానాలు నింపడానికి సొంత జనం చాలరు. నార్త్‌వెస్ట్‌కి డెట్రాయిట్, మినియాపొలిస్‌ల చుట్టూ బోలెడు ఊళ్లున్నాయి, యూరప్‌లో పట్టు లేదు. 1989లో కేఎల్ఎం నార్త్‌వెస్ట్‌లో వాటా కొంది. 1992లో అమెరికా, నెదర్లాండ్స్ తమ మధ్య ఆకాశాన్ని బార్లా తెరిచాయి. మరుసటి ఏడాది మొదట్లోనే ఆ రెండు సంస్థలూ కలిసి రేట్లు, వేళలు మాట్లాడుకోవచ్చని అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. మామూలుగా పోటీదారులు కూడబలుక్కుని ధర పెడితే నేరం. వీళ్లకి ప్రత్యేకంగా మినహాయింపు దొరికింది.

ఆ తర్వాత మొదలైంది అసలు తగువు. వాటా ఉంది కదా అని కేఎల్ఎం పెత్తనం పెంచుకోబోయింది. నార్త్‌వెస్ట్ యాజమాన్యం అడ్డుకట్టలు వేసింది. ముఖముఖాలు చూసుకోని పరిస్థితి వచ్చింది. చివరికి 1997లో కేఎల్ఎం తన వాటాని నార్త్‌వెస్ట్‌కే తిరిగి అమ్మడానికి ఒప్పుకుంది, ఆ ఏడాదే ఇద్దరూ ఇంకా గట్టి పొత్తు రాసుకున్నారు. వాటా పోయాక స్నేహం నిలబడింది! క్లాసులో ఈ కథ చెప్పినప్పుడల్లా అన్నదమ్ములతోనో బావమరుదులతోనో కలిసి వ్యాపారం చేసినవాళ్లు నిశ్శబ్దంగా తలలూపుతారు.

మేనమామ దగ్గర చెడిన పెళ్లి

1993లో ఇంకో ప్రయత్నం జరిగింది. అల్కజార్ అని పేరు పెట్టుకుని కేఎల్ఎం, స్విస్ఎయిర్, ఆస్ట్రియన్, స్కాండినేవియా వాళ్ల ఎస్ఏఎస్ ఒకటైపోదామనుకున్నాయి. నలుగురూ చిన్నవాళ్లే, నలుగురూ కలిస్తే యూరప్‌లో పెద్దవాళ్లకి దీటుగా నిలబడొచ్చు. నెలల తరబడి మాట్లాడుకుని, అమెరికాలో మన భాగస్వామి ఎవరు అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయారు. కేఎల్ఎంకి నార్త్‌వెస్ట్ ఉంది, స్విస్ఎయిర్‌కి డెల్టా ఉంది. ఎవరూ తమ పాత స్నేహితుణ్ని వదులుకోలేదు. నవంబరులో అందరూ లేచి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. కట్నాలూ లాంఛనాలూ అన్నీ కుదిరాక, పీటల మీద కూర్చోబెట్టే మేనమామ ఎవరన్న దగ్గర పెళ్లి చెడినట్టు.

ఇప్పుడు వాళ్లెక్కడున్నారో చూడండి. స్విస్, ఆస్ట్రియన్ లుఫ్తాన్సా గుంపులో ఉన్నాయి. కేఎల్ఎం 2004లో ఎయిర్ ఫ్రాన్స్‌తో కలిసిపోయింది. దివాలా రక్షణ దాకా వెళ్లొచ్చిన ఎస్ఏఎస్‌లో 2024లో ఎయిర్ ఫ్రాన్స్-కేఎల్ఎం వాటా తీసుకుంది. ఒకరికొకరు తగ్గని నలుగురూ ఇద్దరు పెద్దవాళ్ల పంచన సర్దుకున్నారు.

మీరు ఎవరితోనైనా కలిసి పని చేయబోతుంటే డబ్బు మాట కన్నా ముందు వాళ్ల పాత ఒప్పందాలు అడగండి. సరుకు ఎవరి దగ్గర కొంటారు, లెక్కలు ఎవరు రాస్తారు, ఎవరికి మాట ఇచ్చి ఉన్నారు. సంకోచపడకుండా అడగండి. నేను అడగక రెండుసార్లు దెబ్బతిన్నాను.

మూడు కూటములు, ఎన్నో కంతలు

1997 మే 14న లుఫ్తాన్సా, యునైటెడ్, ఎయిర్ కెనడా, థాయ్, ఎస్ఏఎస్ కలిసి స్టార్ అలయన్స్ ప్రకటించాయి. వాటి గుర్తులోని నక్షత్రానికి అయిదు మొనలు ఆ అయిదుగురికీ. ఈ పేర్లని ఒకసారి పటం మీద పెట్టండి. యూరప్ మధ్యలో ఒకటి, పైన ఒకటి, అమెరికాలో ఒకటి, కెనడాలో ఒకటి, ఆసియాలో ఒకటి. ఒకరి చేలో ఒకరి పశువు పెద్దగా మేయదు. అదే ఏడాది బ్రెజిల్ నుంచి వరిగ్ వచ్చింది. 1999లో ఆస్ట్రేలియా నుంచి అన్సెట్, దాంతోపాటు ఎయిర్ న్యూజీలాండ్, 2000లో సింగపూర్. వీళ్లని చూసి 1999 ఫిబ్రవరిలో అమెరికన్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, కాథే పసిఫిక్, కాంటాస్, కెనడియన్ కలిసి వన్‌వరల్డ్ మొదలుపెట్టాయి. 2000 జూన్‌లో డెల్టా, ఎయిర్ ఫ్రాన్స్, ఏరోమెక్సికో, కొరియన్ ఎయిర్ కలిసి స్కైటీమ్ పెట్టుకున్నాయి.

ఆ తర్వాతి పాతికేళ్ల చరిత్రంతా కంతలు పూడ్చుకునే చరిత్రే. ఆఫ్రికానే తీసుకోండి. స్టార్ 2006లో సౌత్ ఆఫ్రికన్‌ని, 2008లో ఈజిప్ట్‌ఎయిర్‌ని, 2011లో ఇథియోపియన్‌ని తెచ్చుకుంది. ఖండం కింద ఒకటి, పైన ఒకటి, తూర్పున ఒకటి. స్కైటీమ్‌కి నైరోబీ నుంచి కెన్యా ఎయిర్‌వేస్ దొరికింది. వన్‌వరల్డ్ చాలాకాలం చేతులు నలుపుకుని 2020లో మొరాకో సంస్థని చేర్చుకుంది. పశ్చిమాసియా వైపు స్టార్ 2008లో టర్కిష్‌ని పట్టుకుంది, ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ దేశాలకు ఎగిరే సంస్థ అదే. 2012లో సౌదియా స్కైటీమ్‌కి, 2013లో కతార్ వన్‌వరల్డ్‌కి వెళ్లాయి. దక్షిణాసియాలో స్టార్‌కి ఎయిర్ ఇండియా, వన్‌వరల్డ్‌కి శ్రీలంకన్, రెండూ 2014లోనే వచ్చాయి. స్కైటీమ్‌కి ఇటువైపు సభ్యులే లేరు.

పూడ్చిన కంతలు మళ్లీ తెరుచుకుంటాయి కూడా. దక్షిణ అమెరికాలో వన్‌వరల్డ్‌కి లాటామ్ అనే మహావృక్షం ఉండేది. 2019లో డెల్టా వచ్చి లాటామ్‌లో 20 శాతం వాటాకి 190 కోట్ల డాలర్లు పెట్టింది. మరుసటి మేలో లాటామ్ కూటమి వదిలేసింది. ఒక్క బేరంతో ఒక ఖండం చేజారింది. 2001లో అన్సెట్ కూలిపోయి స్టార్‌కి ఆస్ట్రేలియా దేశం లోపలి దారులు పోయాయి. స్కైటీమ్‌కైతే ఈనాటికీ ఆస్ట్రేలియా సంస్థ లేదు. 2022లో రష్యా సంస్థలు రెండు కూటముల్లో సస్పెండ్ అయ్యాయి. మధ్య ఆసియాలో ఎవరికీ ఎవరూ లేరు.

ఈ లెక్కంతా ఎందుకు చెప్పానంటే, ఎవరి పటమూ నిండలేదు. వెయ్యికి పైగా విమానాశ్రయాలకు ఎగిరే స్టార్‌కే ఇన్ని ఖాళీలుంటే, రెజ్యూమెలో రెండు గీతలు ఖాళీగా ఉన్నాయని నిద్రపట్టక నాకు మెయిళ్లు రాసే కుర్రాళ్లకి నేను వేరే ఏం చెప్పాలి? మీకు కోడింగ్ వచ్చి నలుగురిలో మాట్లాడటం రాకపోతే అది మీ ఆస్ట్రేలియా. దాన్ని మీరే నేర్చుకోవాలని రూలేమీ లేదు. నేర్చుకుంటే మంచిదే. ఈలోగా అటు ఎగిరేవాళ్లెవరో తెలిసి ఉండాలి.

శంషాబాద్‌లో బయల్దేరే విమానాల బోర్డు ముందు ఒక పూట నిలబడితే మూడు కూటములూ కనిపిస్తాయి. సింగపూర్, థాయ్, లుఫ్తాన్సా ఒక వైపు, బ్రిటిష్ ఎయిర్‌వేస్, కతార్, కాథే ఒక వైపు, సౌదియా ఇంకో వైపు. విశాఖపట్నంలో మాత్రం ఒక తమాషా ఉంది. అక్కణ్నుంచి సింగపూర్ వెళ్లే స్కూట్, సింగపూర్ ఎయిర్‌లైన్స్ సొంత బిడ్డ. తల్లి స్టార్‌లో సభ్యురాలు, బిడ్డ కాదు. తల్లి గోల్డ్ కార్డు చూపించి స్టార్ మర్యాదలన్నీ అడిగితే బిడ్డ దగ్గర నడవదు. మా అక్క చెప్పిన మాట మళ్లీ గుర్తు చేసుకోండి.

పిలుపు వచ్చాక ఆరున్నరేళ్లు

2007 డిసెంబరులో ఎయిర్ ఇండియాకి స్టార్ నుంచి పిలుపు వచ్చింది. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసిపోయింది కూడా ఆ ఏడాదే. పిలుపు అందగానే పంక్తిలో కూర్చోవడం కుదరదు. వాళ్ల కంప్యూటర్లతో మన కంప్యూటర్లు మాట్లాడాలి. వాళ్ల దగ్గర ఎక్కించిన పెట్టె మన దగ్గర సరిగ్గా దిగాలి. ఎక్కడో బ్రెజిల్‌లో కార్డు తీసుకున్న మనిషి మన కౌంటరు ముందుకొస్తే మన ఉద్యోగి గుర్తుపట్టాలి. 2011 జూలై ఆఖరున, కనీస షరతులు పూర్తి కాలేదని స్టార్ ఆ వ్యవహారాన్ని ఆపేసింది. పత్రికలు దుమ్మెత్తి పోశాయి. ఎయిర్ ఇండియా చివరికి చేరింది 2014 జూలై 11న.

కింగ్‌ఫిషర్ సంగతీ ఆ రోజుల్లోదే. 2012 ఫిబ్రవరిలో వన్‌వరల్డ్‌లో చేరాల్సింది, కొద్ది రోజుల ముందు ఆగింది. ఆ అక్టోబరుకల్లా విమానాలే ఆగిపోయాయి.

ఎయిర్ ఇండియా మీద జోకులు వేయడం మనకి అలవాటు. నేనూ వేశాను. కానీ అందరి ముందూ కాదనిపించుకుని, మళ్లీ అదే తలుపు తట్టి, షరతుల జాబితా చేతిలో పెట్టుకుని మూడేళ్లు కూర్చోవడం ఆషామాషీ వ్యవహారం కాదు. ఒక ఇంటర్వ్యూలోనో, ఒక పెద్ద కాంట్రాక్టులోనో మిమ్మల్ని పక్కన పెట్టినప్పుడు, "నన్నెందుకు వద్దన్నారు" అని తలుచుకుంటూ కూర్చుంటే రాత్రి గడవదు. ఏ షరతు దగ్గర ఆగానని అడిగి తెలుసుకోండి. అడిగితే చెప్పేవాళ్లు మనం అనుకున్నదానికన్నా ఎక్కువమందే ఉంటారు.

హామీ సంతకాల విమానం

ఈ అధ్యాయంలో మీరు మర్చిపోకూడని కథ ఏదైనా ఉంటే స్విస్ఎయిర్‌ది. ఆ సంస్థకి ఎగిరే బ్యాంకు అని పేరు, అంత డబ్బు. 1992 డిసెంబరులో స్విట్జర్లాండ్ ప్రజలు యూరప్ ఆర్థిక మండలంలో చేరొద్దని ఓటేశారు. దాంతో చుట్టూ ఉన్న మార్కెట్ స్విస్ఎయిర్‌కి దూరమైంది. డెల్టా, సింగపూర్‌లతో అప్పటికే ఒక స్నేహం ఉండేది గానీ నిలవలేదు. సింగపూర్ స్టార్‌కి వెళ్లింది, డెల్టా ఎయిర్ ఫ్రాన్స్ వైపు తిరిగింది. కంగారు పుట్టింది. ఆ కంగారులో స్విస్ఎయిర్ వాటాలు కొంటూ పోయింది. బెల్జియం సబేనాలో దాదాపు సగం, ఫ్రాన్స్‌లో ఏఓఎం, ఎయిర్ లిబర్టే, జర్మనీలో ఎల్‌టీయూ, పోలండ్ సంస్థలో కొంత, దక్షిణాఫ్రికా సంస్థలో కొంత. ఈ పథకానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'వేటగాడు'.

బలమున్నవాళ్లంతా అప్పటికే స్టార్‌లోనో వన్‌వరల్డ్‌లోనో కుదురుకున్నారు. వేటగాడికి దొరికినవాళ్లలో ఎక్కువమంది నష్టాల్లో ఉన్నవాళ్లు. అలాంటివాళ్లు కొందరితో 1998లో క్వాలిఫ్లయర్ అని సొంత కూటమి కూడా కట్టింది. తన పటంలో కంతలు పూడ్చుకోవాల్సింది పోయి అవతలివాళ్ల ఖజానాలో కంతలు పూడుస్తూ కూర్చుంది. 2001 అక్టోబరు 2న, ఇంధనానికి కట్టడానికి డబ్బుల్లేక, స్విస్ఎయిర్ విమానాలన్నీ నేల మీద నిలబడిపోయాయి. నవంబరులో సబేనా దివాలా తీసింది.

ఇది చదువుతుంటే నాకు మన ఇళ్లలో హామీ సంతకాలు గుర్తొస్తాయి. తోడల్లుడి చిట్టీకి ఒకటి, చిన్ననాటి స్నేహితుడి ఫైనాన్స్ లారీకి ఒకటి. ఒంటరిగా మిగిలిపోతామేమోనన్న భయంతో, నలుగురిలో మంచివాడనిపించుకోవాలని పెట్టే సంతకాలు. ఎదుటివాడికి మీ అవసరం ఉండటం వేరు, మీకు వాడి ఊరు అవసరం కావడం వేరు. మొదటిది మాత్రమే ఉంటే దాన్ని సాయం అనండి, చేయగలిగితే చేయండి. పొత్తని పేరు పెట్టుకోకండి.

ఆ శిథిలాల్లోంచి 2002లో క్రాస్ఎయిర్ అనే చిన్న సంస్థ పునాదిగా స్విస్ పుట్టింది. 2005లో లుఫ్తాన్సా దాన్ని కొనుక్కుంది. 2006 ఏప్రిల్‌లో అది స్టార్ అలయన్స్‌లో మామూలు సభ్యురాలిగా చేరింది.

ఏ మెట్టు మీద ఉన్నారు?

విమాన సంస్థల మధ్య స్నేహానికి మెట్లున్నాయి, ప్రతి మెట్టుకీ పేరుంది. అన్నిటికన్నా కింద ఇంటర్‌లైన్: నీ ప్రయాణికుడి పెట్టె నేను అందుకుంటాను, నీ టికెట్ నేను ఒప్పుకుంటాను, అంతే. దాని పైన కోడ్‌షేర్: నీ విమానంలో సీట్లకి నా నంబరు వేసి నేను అమ్ముకుంటాను. ఆ పైన కూటమి: నీ ముఖ్యమైన కస్టమరుకి నా లాంజ్‌లో కాఫీ. అన్నిటికన్నా పైన ఉమ్మడి వ్యాపారం: ఫలానా దారిలో వచ్చిన ఆదాయం మొత్తం ఒక కుప్ప పోసి పంచుకుంటాం, ప్రయాణికుడు ఎవరి విమానం ఎక్కినా మాకు ఒకటే. అట్లాంటిక్ మీద అమెరికన్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఈ మెట్టు ఎక్కడానికి 1996లో మొదలుపెట్టి 2010లో అనుమతి సంపాదించాయి.

కూటమి అనగానే అన్నీ కలిసిపోయాయనుకుంటారు జనం. స్టార్ అలయన్స్ మైళ్లు అని ఎక్కడా లేవు. మీ మైళ్లు మీరు చేరిన సంస్థ ఖాతాలోనే ఉంటాయి, దాని గడువులు దానివి. ఒక్కొక్కరి ఖజానా వేరు, విమానాలు వేరు, కొన్ని దారుల్లో పోటీ కూడా. ఏది పంచుకోవాలో, ఏది పంచుకోకూడదో ముందే రాసుకున్నారు గనకే ఇన్నేళ్లు నడిచింది.

మా కాలనీలో ఫాల్, పికో కుట్టే ఆవిడ ఒకరున్నారు. మగ్గం పని ఆవిడకి రాదు. పెళ్లి బ్లౌజులు తెచ్చినవాళ్లని ఎన్నడూ వెనక్కి పంపదు. తీసుకుని, రెండు వీధుల అవతల మగ్గం వేసే కుర్రాళ్లకిచ్చి, పని అయ్యాక తన కొట్లోంచే ఇస్తుంది. అచ్చమైన కోడ్‌షేర్. ఒకసారి పెళ్లికి రెండు రోజుల ముందు బ్లౌజు మీద పూసలు ఊడిపోయాయి. "అది నేను కుట్టలేదమ్మా" అని ఆవిడ అనలేదు. రాత్రి కూర్చుని తానే మళ్లీ కుట్టించి, కుర్రాళ్ల దగ్గర ఆ డబ్బు తర్వాత పట్టుకుంది. తప్పు ఎవరిదైతే ఖర్చు వాళ్లదని మొదటి రోజే మాట్లాడుకున్నారట, చీటీ మీద రాసుకున్నారు కూడా. ఆ చీటీ నేను చూశాను. సిగరెట్ పెట్టె అట్ట వెనకాల రాసింది.

అసలు జట్టే వద్దనేవాళ్లూ ఉన్నారు. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు. అలాగని ఒంటరిగానూ లేదు. 2013లో వన్‌వరల్డ్‌లోని కాంటాస్‌తో, 2022లో స్టార్‌లోని యునైటెడ్‌తో విడివిడిగా ఒప్పందాలు చేసుకుంది. మన ఇండిగోదీ అదే ధోరణి, దేశంలో సగానికి పైగా ప్రయాణికులు దానివాళ్లే, కతార్‌తో ఒకటి, కేఎల్ఎంతో ఒకటి, ఎవరితో ఎంత అవసరమో అంతే. ఎదుటివాళ్లు మీ ఊరికి రావాలంటే మీ దగ్గరికే రావాల్సినంత బలం మీకుంటే ఈ పద్ధతి బాగుంటుంది. చాలామందికి అంత బలం ఉండదు. లేకుండా ఎమిరేట్స్ వేషం వేసేవాళ్లని ప్రతి ఆఫీసులోనూ ఒకరిని చూశాను.

పనిలో పనిగా ప్రయాణాల సంగతి కూడా. రెండు విమానాలు మారాల్సి ఉంటే ఒకే పీఎన్ఆర్ మీద, ఒకే టికెట్ మీద తీయించండి. అప్పుడు మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత వాళ్లది. పదమూడు అంకెల టికెట్ నంబరులో మొదటి మూడు అంకెలు టికెట్ ఇచ్చిన సంస్థవి: 098 అయితే ఎయిర్ ఇండియా, 220 అయితే లుఫ్తాన్సా, 176 అయితే ఎమిరేట్స్. విమానం నంబరు పక్కన చిన్న అక్షరాల్లో నడిపేది ఎవరో వేరే పేరు ఉంటుంది, అది కూడా చదవండి. అమెరికా వెళ్లే పెద్దవాళ్లకి మరో మాట: పెట్టె చివరి ఊరి దాకా వెళ్తుందని ఇక్కడ ట్యాగ్ కట్టినా, ఆ దేశంలో మొదట దిగిన ఊళ్లో సాధారణంగా పెట్టె తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. ఒక కాగితం మీద తెలుగులో రాసి చేతికివ్వండి.

ఇక మీ పని. ఒక తెల్లకాగితం అడ్డంగా పెట్టి మూడు గడులు గీయండి. మొదటి గడిలో మీరు రోజూ చేసే, మీకు వచ్చిన పనులు రాయండి. పదికి మించొద్దు. రెండో గడిలో మిమ్మల్ని అడిగితే మీరు చేయలేక వెనక్కి పంపిన పనులు రాయండి, గడిచిన ఆరు నెలలవి చాలు. మీరు నేర్చుకోవాలనుకున్నవి ఇందులో రాయకండి, ఎవరైనా వచ్చి నిజంగా అడిగినవే రాయండి. రెండో గడి రాయడానికి అందరికీ ఎక్కువ సమయం పడుతుంది, వెనక్కి పంపిన మనుషులు మనకి గుర్తుండరు. ఫోన్‌లో పాత మెసేజ్‌లు వెతకండి.

మూడో గడిలో, రెండో గడిలోని ఒక్కో పనికీ ఎదురుగా, దాన్ని చేయగలిగే మనిషి పేరు రాయండి. పేరు పక్కన మీరిద్దరూ ఏ మెట్టు మీద ఉన్నారో కూడా రాయండి: ఊరికే పరిచయమా, ఒకసారి పని పంపారా, మీ పేరు మీద వాళ్ల పని అమ్మగలరా, పోతే ఎవరు భరించాలో మాట్లాడుకున్నారా. ఈ చివరి ప్రశ్నకి జవాబు లేని పేర్ల చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టండి. పేరే తోచని చోట గడిని ఖాళీగా వదిలేయండి, ఏదో ఒక పేరు రాసి నింపకండి. కాగితం పారేయకుండా పుస్తకంలోనే పెట్టుకోండి, ఎనిమిదో అధ్యాయంలో ఆ ఖాళీ గడులతోనే పని.